ఆటలో తోడు, పంక్తిలో చోటు



వేసవి సెలవులు వచ్చాయంటే మన విచారణలలో రెండు పనులు కనబడతాయి. గుడి ఆవరణలో యువజనులు సున్నంతో గీతలు గీసి కబడ్డీ, వాలీబాల్ పోటీలు పెడతారు. విన్సెంట్ డి పాల్ సభవారు ఇంటింటికీ తిరిగి గుప్పెడు గుప్పెడు బియ్యం పోగుచేసి, దిక్కులేని ముసలివారికి, రోగులకు పంచుతారు. ఈ రెండింటి మీదా విచారణ గురువుల దగ్గరకు ఫిర్యాదులు వస్తూనే ఉంటాయి. "జపమాల సరిగా చెప్పలేని పిల్లలకు బంతులు కొనిపెడతారేమిటి ఫాదర్ గారూ?" అని ఒకరు. "రేషను బియ్యం ఇస్తున్నారు, బడిలో భోజనం పెడుతున్నారు. ఇంకా మనమెందుకు పెట్టాలి?" అని మరొకరు.

ఇవి కొట్టివేయవలసిన ప్రశ్నలు కావు. రెండింటికీ పునీత పౌలుగారి లేఖ ఒక్కటే జవాబు చెబుతుంది. ఈ వారం దానిని ధ్యానిద్దాం.

1. ఒకే లేఖలో రెండు పాఠాలు

పౌలుగారు కొరింతు నగరంలో ఏడాదిన్నర నివసించారని అపోస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో చదువుతాము. అది క్రీ.శ. 51 ప్రాంతం. ఆ నగరానికి దగ్గరలో ఇస్త్మియా అనే చోట రెండేళ్లకొకసారి గొప్ప క్రీడోత్సవాలు జరిగేవి. గెలిచినవాడికి దక్కేది ఆకులతో అల్లిన కిరీటం. అది నాలుగు రోజుల్లో వాడిపోయేది. పౌలుగారు ఆ ఆటలను వెక్కిరించలేదు. కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ 9వ అధ్యాయంలో వాటినే ఉదాహరణగా తీసుకున్నారు. వాడిపోయే కిరీటం కోసం ఆటగాడు అంత నిగ్రహం పాటిస్తే, వాడని కిరీటం కోసం మనమెంత పాటించాలో ఆలోచించమన్నారు.

రెండు అధ్యాయాలు దాటేసరికి ఆయన స్వరం మారిపోతుంది. ఆనాటి విశ్వాసులు ఒకరి ఇంట కూడి, కలిసి భోంచేసి, ప్రభు భోజనం జరుపుకొనేవారు. కలిగినవారు ముందుగా వచ్చి తృప్తిగా తిని త్రాగేవారు. పగలంతా పనిచేసి ఆలస్యంగా వచ్చే పేదలకు ఏమీ మిగిలేది కాదు. లోపలి గదిలో కొద్దిమందికే చోటు ఉండేదనీ, మిగిలినవారు బయట వసారాలో సర్దుకోవలసి వచ్చేదనీ కొందరు పండితులు వివరిస్తారు. అటువంటి కూడికను ప్రభు భోజనమని పిలవడానికే పౌలుగారు ఒప్పుకోలేదు. ఒకరికోసం ఒకరు ఆగాలని ఆజ్ఞాపించారు.

గమనించారా? కొరింతు సంఘంలో అన్నానికి కొరత లేదు. కలిసి కూర్చోవడానికే కొరత. ఆట విషయమైనా, అన్నం విషయమైనా శ్రీసభ ముందుగా అడిగే ప్రశ్న "ఎంత ఇచ్చావు?" అన్నది కాదు, "ఎవరిని నీ పక్కన చేర్చుకున్నావు?" అన్నది.

2. ఆట పాపమా?

పునీత తోమాసు అక్వినాసుగారు తమ మహాగ్రంథంలో ఈ ప్రశ్నను తీసుకొని, శరీరానికి విశ్రాంతి ఎలాగో ఆత్మకు ఆట అలాగని వివరించారు. అక్కడ ఒక పాత కథ చెప్పారు. యోహాను అపోస్తలుడు శిష్యులతో ఆడుకుంటూ ఉంటే చూచినవారు నొచ్చుకున్నారు. ఆయన వారిలో విల్లు పట్టుకున్నవాడిని పిలిచి బాణాలు వేయించి, "ఇలా ఆపకుండా వేస్తూనే ఉండగలవా?" అని అడిగారు. "వేస్తే విల్లు విరిగిపోతుంది" అన్నాడతడు. మనిషి మనసూ అంతేనని యోహానుగారు బోధించారు. హద్దులేని ఆట తప్పని చెప్పిన తోమాసుగారే, తానూ నవ్వక ఇతరులనూ నవ్వనివ్వని మొండితనం కూడా తప్పేనన్నారు.

ఈ సత్యాన్ని ఆచరణలో చూపినవారు పునీత డాన్ బోస్కోగారు. ఇటలీలోని టూరిన్ నగరంలో, 1841 డిసెంబరు 8న, ఆయన పూజకు సిద్ధమవుతుండగా బర్తొలొమేయో గరెల్లి అనే అనాథ కుర్రవాడు గుడిలోకి వచ్చాడు. పూజలో సహాయం చేయడం రాదన్నందుకు గుడి సేవకుడు అతడిని కొట్టి తరిమాడు. డాన్ బోస్కోగారు వెనక్కి పిలిపించారు. "చదవడం వచ్చా? పాడడం వచ్చా?" అంటే అన్నిటికీ "రాదు" అనే జవాబు. "మరి ఈల వేయడం వచ్చా?" అనేసరికి ఆ కుర్రవాడు నవ్వాడు. జ్ఞానోపదేశం ఆ నవ్వు తరువాతనే మొదలైంది. 1846 ఈస్టరు నాటికి వందలాది పిల్లలతో వల్దొక్కో పేటలో ఒక పాకను, దాని పక్కన ఖాళీ స్థలాన్ని సంపాదించి అక్కడే ప్రార్థన, చదువు, ఆట కలిపి నడిపించారు. 1847లో వానలో తడిసి వచ్చిన ఒక అనాథకు ఆయన తల్లి మార్గరెట్టమ్మగారు వేడి సూపు పోసి, వంటగదిలోనే పక్క వేసింది. ఆటస్థలం, వంటగది ఆనాడే ఒకే ఇంటిలో చేరాయి.

3. మన గోదావరి తల్లి

అదే 1841లో మన మండపేటలో ఒక ఆడపిల్ల పుట్టింది. ఆమే డొక్కా సీతమ్మగారు. ఆమె తండ్రి అనుపిండి భవానీశంకరంగారు వచ్చినవారందరికీ అన్నం పెట్టేవారు కనుక ఊరివారు ఆయనను "బువ్వన్న" అని పిలిచేవారట. లంకల గన్నవరం వాసి డొక్కా జోగన్నగారిని పెండ్లాడి, గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా చూడకుండా ఆమె అన్నం పెట్టారు. 1909లో కన్నుమూసేవరకూ అదే వ్రతం.

కోనసీమవారు ఇప్పటికీ చెప్పుకొనే ముచ్చట ఒకటుంది. ఎన్నాళ్లనుంచో అనుకొని ఒకసారి ఆమె అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరారు. దారిలో ఒక పెండ్లివారి బృందం, పిల్లల ఆకలి తీర్చలేక, "సీతమ్మగారి ఇల్లు చేరితే చాలు" అనుకోవడం ఆమె చెవిన పడింది. యాత్ర మానుకొని వెంటనే ఇంటికి తిరిగి పొయ్యి వెలిగించారు.

ఆమె మన మతస్థురాలు కాదు. ప్రభువు చెప్పిన ఉపమానంలోని సమరీయుడూ యూదుల దేవాలయానికి వెళ్లేవాడు కాడు. గాయపడినవానిని చూచి ప్రక్కగా తొలగిపోయినవారు యాజకుడు, లేవీయుడు. గురువునైన నాకు ఈ మాట వ్రాయడం సులువు కాదు. 2024లో మన రాష్ట్ర ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి సీతమ్మగారి పేరు పెట్టింది. ఆమె పేరు వినబడినప్పుడు ఆమె పెట్టిన అన్నంతోపాటు, దారిలోనుంచి వెనక్కి తిరిగిన ఆ అడుగునూ మనం గుర్తుంచుకోవాలి.

4. మనకు పెట్టిన పరీక్ష

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టా అన్నపూర్ణ అయింది. ధాన్యం పండించే ఊళ్లలోనే, నాట్లు, కోతలు లేని నెలల్లో కూలివారి ఇళ్లలో కుండ నిండదు. కనుక బియ్యం పంచడం అవసరమే. అయితే ఎలా పంచుతున్నాము?

1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలకూల్చింది. అప్పుడు నేను గురువిద్యార్థిని. అన్నం పొట్లాల లారీ మీద నిలబడి, జనం ఎగబడుతున్నారని పొట్లాలు విసరడం మొదలుపెట్టాము. ఒకటి బురదలో పడింది. దగ్గరలో ఉన్న ఒక ముసలామె దాన్ని చూచి కూడా వంగలేదు. "చేతికిస్తే తీసుకుంటాను బాబూ" అంది. నేను లారీ దిగి ఇచ్చాను. అంతవరకూ దిగాలనే ఆలోచన నాకు రాలేదు. ఆ సిగ్గు నన్ను ఇప్పటికీ వదలలేదు.

పొట్లం ఇవ్వడం సులువు, పంక్తిలో పక్కన కూర్చోవడం కష్టం. మన గుడి పండుగ విందులలో మొదటి పంక్తి ఎవరిది? పెద్దలది, చందాలిచ్చినవారిది. వంటపాత్రలు కడిగే ఆడవారు, దూరపు పేటనుంచి నడచి వచ్చినవారు ఆఖరి పంక్తిలో అడుగంటిన కూర తింటారు. ఒకే బల్ల దగ్గర దివ్యసత్ప్రసాదం స్వీకరించి వచ్చి, అర గంటలో కొరింతువారమైపోతున్నాము.

ఆటస్థలం ఇక్కడే మనకు పాఠం చెబుతుంది. మన చెడుగుడు, అంటే కబడ్డీ, ముట్టుకోకుండా ఆడే ఆట కాదు. కూతకు వచ్చినవాడిని చేయి, కాలు పట్టి ఆపాలి. ఏ పేటవాడని అడిగే వ్యవధి ఉండదు. అవుటై బయట కూర్చున్నవాడు, తోటివాడు పాయింటు తెస్తే మళ్లీ లోపలికి వస్తాడు. ఒకరి శ్రమ మరొకరిని బతికిస్తుంది. పౌలుగారు 12వ అధ్యాయంలో చెప్పిన ఒకే శరీరం, అనేక అవయవాలు అనే బోధను పదేళ్ల పిల్లవాడు ఇంతకంటే బాగా ఎక్కడ నేర్చుకుంటాడు? కాని పేటకొక జట్టు కట్టించి, గెలుపుకోసం పాత పగలను రెచ్చగొడితే ఆ పాఠాన్ని మనమే చెరిపివేసినవారమవుతాము.

5. మనం చేయగలిగినవి

మొదటిది: పోటీలు పెట్టేటప్పుడు చీట్లు వేసి, అన్ని పేటల పిల్లలను కలిపి జట్లు కట్టండి. ఆడపిల్లలకూ వేళ, స్థలం కేటాయించండి. ఇంటిపని పేరుతో వారిని ఆపకండి, తల్లులారా.

రెండవది: ఆట ముగిశాక పిల్లలందరికీ ఒకే పంక్తిలో ఉప్మా గాని, పులిహోర గాని పెట్టండి. పెద్దలు వడ్డించి, వారితోపాటు కూర్చుని తినండి. ఆకలితో వచ్చిన పిల్లవాడు ఎవరో వేరుగా అడిగి తెలుసుకొనే పని ఉండదు, అతడికి అవమానమూ ఉండదు.

మూడవది: బియ్యం పంచేవారు గుడి మెట్ల దగ్గరకు పేదలను పిలిపించి వరుసలో నిలబెట్టవద్దు. 1833లో పారిసు నగరంలో విన్సెంట్ డి పాల్ సభను ఆరంభించినప్పుడు ధన్య ఫ్రెడరిక్ ఓజనాంగారికి ఇరవై ఏళ్లు. ఆయన, ఆయన మిత్రులు పెట్టుకొన్న పద్ధతి పేదల ఇంటికి తామే వెళ్లడం. ప్రభుత్వం బియ్యం ఇవ్వగలదు. ఒంటరి విధవరాలి అరుగు మీద అరగంట కూర్చుని ఆమె కష్టసుఖాలు వినడం మన పని. "ఇంకా మనమెందుకు?" అన్నవారికి నా జవాబు ఇదే.

నాలుగవది: వచ్చే గుడి పండుగకు మొదటి పంక్తిని ఆఖరివారికి ఇవ్వండి. గురువులు, పెద్దలు వడ్డించాలి. నేను మా విచారణలో ఇది చెప్పినప్పుడు కొందరు పెద్దలకు కోపం వచ్చింది. రావడం సహజమే. పౌలుగారి లేఖ అందినప్పుడు కొరింతు పెద్దలకూ వచ్చి ఉంటుంది.

ఈ వారం కుటుంబ ప్రార్థనలో కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ 11వ అధ్యాయం 17 నుండి 34 వరకు చదవండి. ఆ తరువాత ఇంటిల్లిపాదీ ఈ ప్రశ్న వేసుకోండి: మన పిల్లలు ఎవరితో ఆడకూడదని మనం చెప్పాము? మన ఇంట ఎవరు ఇంతవరకు కూర్చుని భోంచేయలేదు?

ఐదు రొట్టెలను పంచకముందు జనులందరినీ పచ్చిక మీద కూర్చోబెట్టిన ప్రభువు, మనలనూ ఒకరి పక్కన ఒకరిని కూర్చోబెట్టునుగాక. ఆమెన్.