ఆయుధము - ఆగమము

బషీర్‌బాగు కూడలికి చేరువనున్న లాల్ బహదూర్ క్రీడాంగణమునకు పూర్వనామము ఫతే మైదానము. ఫతే యనగా విజయము. 1687లో ఔరంగజేబు గోలకొండను ముట్టడించినపుడు మొగలు సేన యిచట విడిసినదని ప్రతీతి. నేడచట యుద్ధచిహ్నమేదియు లేదు; పేరుమాత్రము జనుల నోట మిగిలినది. అచటికి కొలదిదూరముననే, నాంపల్లి తోటలో, 1930లో స్థాపితమైన పురావస్తు ప్రదర్శనశాల కలదు. అందలి ఆయుధములను చూచువారు సాధారణముగా "ఇది యే రాజు కత్తి?" యని యడుగుదురు. అది యిచటికెట్లు చేరినదని యడుగువారరుదు.

ఈ రెండవ ప్రశ్నయే ప్రాచీనులకు ముఖ్యము. కౌటిల్యుని అర్థశాస్త్రమున రెండవ యధికరణమునందు ఆయుధాగారాధ్యక్షుని విధులు చెప్పబడినవి. ఆయుధములకు ఎండగాలులు తగులునట్లు స్థానము మార్చుచుండవలెననియు, వేడిమిచేతను తేమచేతను క్రిములచేతను చెడువానిని వేరొకచో నుంచవలెననియు ఆతని మతము. అంతటితో నాగక, ప్రతివస్తువునకును జాతి, రూపము, ప్రమాణము, మూల్యము మొదలగువానితోపాటు ఆగమమును గూడ ఎరిగియుండవలెననెను. ఇచట ఆగమశబ్దమునకు శాస్త్రమని కాక, వచ్చిన తెరువు అని యర్థము చెప్పికొనవలెను. తక్కినవానిని వస్తువును చూచి, కొలిచి, ఎప్పుడైనను తెలిసికొనవచ్చును. ఆగమమట్లు కాదు, వస్తువు చేతికి వచ్చిననాడే వ్రాసియుంచనిచో మరల దొరకుట దుర్ఘటము. అమరకోశమున ఖడ్గమునకు నిస్త్రింశమను పర్యాయము కలదు. ముప్పది యంగుళములను మించినదని వ్యుత్పత్తి. కత్తి నిస్త్రింశమగునో కాదో కొలబద్ద చెప్పును. ఏ రణమున దూయబడినదో చెప్పజాలదు.

గోలకొండలో పెట్ల బురుజుపైనున్న ఫతే రహ్బర్ అను ఫిరంగి విషయము వేరు. అది ప్రదర్శనశాలకు చేరక, పోరు జరిగిన చోటనే నిలిచినది. దానిపైని పారసీక లేఖనమున ఔరంగజేబు పేరును, ఫిరంగి పేరును, పోతపోసిన మహమ్మద్ అలీ అరబ్ పేరును కలవు. వస్తువే తన యాగమమును మోయుచున్నదన్నమాట. ఐనను ఆ పేరును మాత్రమే నమ్మి చరిత్ర వ్రాసినచో పొరపాటగును. విజయమునకు దారిచూపునది యని దానికర్థము. కాని యెనిమిది నెలలు ఫిరంగులు తెరువలేని దారిని తుదకు లంచము తెరచినది. 1687 సెప్టెంబరులో అబ్దుల్లా ఖాన్ పన్నీ యను కోటలోని సేనాధికారి ద్వారము తీయించెను. ఆయుధముపైని వ్రాత గెలిచినవాని మాటయే. దానిని సమకాలిక చరిత్రలతో సరిచూడక తప్పదు.

ఆ ఫిరంగి నేటికిని బురుజుపై ఎండవానలలోనే యున్నది. ప్రాచ్యవిద్యార్థులు పారసీకము తెలిసినవారిని వెంటగొనిపోయి, అక్షరములు స్ఫుటముగా నున్నపుడే ప్రతి వ్రాసికొనుట యుచితము.