సిరా అయిపోయిన కార్ట్రిడ్జిని పారవేయవలెనా?

నేడు చదువుకొను పిల్లలున్న అనేక గ్రామీణ గృహములలోను, చిన్న జిరాక్సు దుకాణములలోను ఇంక్‌జెట్ ప్రింటరు కనిపించుచున్నది. హాల్‌టికెట్టునకో, దరఖాస్తునకో, ఆధారు నకలునకో పట్టణమునకు పోవలసిన శ్రమ దీనివలన తప్పినది. కాని కొన్న కొలది నెలలకే ఆ యంత్రము గుడ్డ కప్పుకొని మూలపడి యుండుట కూడ మనము చూచుచున్నాము. యంత్రము చెడిపోలేదు, సిరా అయిపోయినది. కొత్త కార్ట్రిడ్జి వెల విన్నంతనే ఇంటివారికి గుండె గుభేలుమన్నది. అంతటితో యంత్రమునకు పని తప్పినది, పిల్లలకు మరల పట్టణ ప్రయాణము తప్పలేదు.

కలములో సిరా అయిపోయినదని మన పెద్దలు కలమును పారవేయలేదు. రాజమహేంద్రవరమున 1932లో పుట్టిన రత్నం కలములను విప్పి, బొట్టు బొట్టుగా సిరా పోసికొని, సంవత్సరముల తరబడి వ్రాసికొనిరి. కార్ట్రిడ్జియు ఒక విధమైన కలమే. అయితే కలముకంటె ఇది మిక్కిలి సున్నితమైనది. దాని స్వభావమును తెలిసికొని నింపినవారికి లాభము. తెలియక నింపినవారికి ఉన్నదియు పోవును.

లోపల జరుగునదేమి?

1977లో జపాను దేశమునందలి కేనన్ సంస్థ పరిశోధనశాలలో కాగిన సోల్డరింగ్ కడ్డీ ఒకటి సిరాయున్న సిరంజి సూదికి తగిలినదట. వెంటనే సూదిమొననుండి సిరా చిమ్మినది. వేడిచే సిరాను చిమ్మించి అక్షరములు ముద్రింపవచ్చునను ఆలోచన వారికి అట్లు కలిగినది. అమెరికాలో హ్యూలెట్ పాకార్డ్ సంస్థయు ఇదే మార్గమున కృషిచేసి, 1984లో థింక్‌జెట్ అను ప్రింటరును విపణిలో ప్రవేశపెట్టినది.

ఈ జాతి కార్ట్రిడ్జి అడుగున చిన్న లోహపు పలక యుండును. దానియందు వెంట్రుకకంటె సన్నని రంధ్రములు వరుసలుగా నుండును. ఒక్కొక్క రంధ్రము వెనుక ఒక సూక్ష్మమైన వేడిబిళ్ల కలదు. అది రెప్పపాటులో వేయవవంతుకంటె తక్కువ కాలములో కాగి, సిరాలో ఆవిరిబుడగను పుట్టించును. ఆ బుడగ సిరాబొట్టును కాగితముమీదికి నెట్టును. పెట్టె లోపల స్పాంజి యుండి, సిరా తనంత తాను కారిపోకుండ పట్టియుంచును.

దీనినిబట్టి రెండు సంగతులు గ్రహింపవలెను. సిరాయే ఆ వేడిబిళ్లను చల్లబరచుచున్నది. సిరా లేకుండ ముద్రించినచో బిళ్ల కాలిపోవును. పిమ్మట ఎంత సిరా పోసినను ప్రయోజనముండదు. ఖాళీ పెట్టెను బయట నుంచినచో రంధ్రములలో సిరా ఎండి గట్టిపడును. కనుక అక్షరములు పలుచబడుటకు ఆరంభించిన నాడే నింపవలెను. నింపుటకు తీరిక లేనిచో ముద్రణ ఆపి, పెట్టెను యంత్రమునందే యుంచవలెను.

లెక్క చూతము

ఒక నల్ల కార్ట్రిడ్జి వెల 900 రూపాయలనియు, అది 180 పుటలు ముద్రించుననియు అనుకొందము. పుటకు సిరా ఖర్చు 5 రూపాయలు. నూరు మిల్లీలీటర్ల సిరాసీసా 250 రూపాయలనియు, మార్జిన్ పోగా దానితో పదునైదు మార్లు నింపవచ్చుననియు అనుకొన్నచో, ఒక మారునకు సుమారు 17 రూపాయలు. పుటకు పది పైసలకు లోపు. ఇవి లెక్క తెలియుటకు మేము వేసికొన్న అంకెలు. మీ ఊరి ధరలతో మీరే వేసికొని చూడుడు.

కావలసిన వస్తువులు

మీ కార్ట్రిడ్జికి తగిన సిరా, సూదియున్న కొత్త సిరంజి, పలుచని చేతి తొడుగులు, మెత్తని కాగితపు రుమాళ్లు, పండ్లపుల్లలు, పాత వార్తాపత్రికలు చాలును. ఆసుపత్రిలో వాడిన సిరంజిని ఎన్నడును తేరాదు. రంగు పెట్టెకు ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క సిరంజి యుండవలెను.

సిరాలు రెండు జాతులు. రంగు నీటిలో పూర్తిగా కరిగియుండునది డై సిరా. రంగు సన్నని రేణువులుగా తేలియాడునది పిగ్మెంటు సిరా. ఒకదానికి తగిన పెట్టెలో మరొకటి పోసినచో రంధ్రములు మూసికొనిపోవచ్చును. కలము సిరా పనికిరాదు. సీసామీద మీ కార్ట్రిడ్జి సంఖ్య యున్నదో లేదో చూచి కొనవలెను.

నింపు విధానము

ఈ పద్ధతి అడుగున లోహపు పలకయు, ప్రక్కన రాగిచుక్కలును గల కార్ట్రిడ్జీలకు మాత్రమే. పలక లేక ఉత్త సిరాడబ్బాగా నుండు వానిని నింపు తీరు వేరు.

మొదట బల్లమీద వార్తాపత్రికలు పరచి, చేతి తొడుగులు వేసికొనవలెను. కార్ట్రిడ్జి పైభాగమందలి లేబిలును చినగకుండ మెల్లగా లేపినచో క్రింద చిన్న రంధ్రములు కనిపించును. రంగు పెట్టెలో సయాన్ నీలము, మెజెంటా, పసుపు అను మూడు అరలుండును. ఏ రంధ్రము క్రింద ఏ రంగున్నదో ఊహింపరాదు. ఒక్కొక్క దానిలో వేరు వేరు పండ్లపుల్లను దింపి, అంటిన రంగును చూచి నిశ్చయించుకొనవలెను.

తరువాత సిరంజిలోనికి సిరాను తీసి, గాలిబుడగలను వెళ్లగొట్టవలెను. సూదిని స్పాంజిలోనికి దింపి మిక్కిలి నెమ్మదిగా పోయవలెను. చిన్న నల్లపెట్టెకు నాలుగైదు మిల్లీలీటర్లు, రంగుపెట్టెలో ఒక్కొక్క అరకు రెండు మిల్లీలీటర్లతో ఆరంభించుట మేలు. రంధ్రమువద్ద సిరా కనిపించినంతనే ఆపి, పొంగిన కొంచెమును వెనుకకు లాగివేయవలెను. ఎక్కువ పోయుట లాభము కాదు. అడుగునుండి కారి రంగులు కలిసిపోవును.

లేబిలును మరల యథాస్థానమున అతికింపవలెను గాని, రంధ్రములను టేపుతో బిగియ మూయరాదు. నూనె డబ్బాకు ఒక్కటే చిల్లు పెట్టినచో నూనె సరిగా రాదని మనకు తెలియును. గాలి పోవుటకు రెండవ చిల్లు వలెను. కార్ట్రిడ్జికిని అదే న్యాయము. సిరా వెలుపలికి వచ్చినకొలది గాలి లోనికి పోవలెను.

పిమ్మట తడిపి పిండిన కాగితపు రుమాలును మడతపెట్టి, దానిపై అడుగు పలకను నిటారుగా ఒక క్షణము అద్దవలెను. రుద్దరాదు. నల్లపెట్టెకు ఒక చారయు, రంగుపెట్టెకు మూడు విడివిడి చారలును పడవలెను. రాగిచుక్కలకు సిరా అంటినచో కొంచెము తడిపిన మెత్తని గుడ్డతో తుడిచి ఆరనీయవలెను, వేలు తగులరాదు. పలకనుండి సిరా కారుట ఆగిన తరువాతనే పెట్టెను యంత్రములో పెట్టి, శుద్ధిచేయు మీటను ఒక మారు నడిపి, పరీక్షా పుటను ముద్రింపవలెను. శుద్ధిచేసిన ప్రతిమారును సిరా ఖర్చగును గనుక మాటిమాటికి నడుపరాదు.

చారలు పడనిచో, పలక మాత్రము మునుగునట్లు గోరువెచ్చని నీటిలో కొలది నిమిషములుంచి మరల అద్ది చూడవచ్చును. మరిగిన నీరు కూడదు.

యంత్రము ఒప్పుకొననిచో

నింపిన తరువాతను సిరా లేదని యంత్రము చెప్పవచ్చును. అది అనేక యంత్రములలో సిరాను కొలిచి చెప్పుమాట కాదు, ముద్రించిన దానిని లెక్కించి చెప్పుమాట. అట్టి హెచ్చరికను అంగీకరించి ముందుకు సాగవచ్చును. కాని కొన్ని యంత్రములు కార్ట్రిడ్జియందలి చిప్పును చూచి ముద్రణనే నిలిపివేయును. కొనునప్పుడే ఈ సంగతి విచారించుట మంచిది. హామీ కాలము ముగియని యంత్రమైనచో, నింపిన సిరావలన కలిగిన నష్టమునకు ఆ హామీ వర్తింపకపోవచ్చునని గూడ గుర్తుంచుకొనవలెను.

ఒకే కార్ట్రిడ్జి కలకాలము పనిచేయదు. వేడిబిళ్లలు క్రమముగా అరుగును. శుభ్రపరచినను గీతలు పోనిచో దాని ఆయువు తీరినదని తెలిసికొనవలెను. దినదినము పెక్కు పుటలు ముద్రించు దుకాణదారులు సీసానుండి నేరుగా సిరా పోసికొను ట్యాంకు ప్రింటరును కొనుటయే మేలు.

ఏ కాగితమునకు ఈ సిరా?

లాభమును చెప్పితిమి, జాగ్రత్తను చెప్పకున్న దోషము. మేము తొలిసారి నింపిన సిరాతో ఒక దరఖాస్తును ముద్రించితిమి. వానలో తీసికొనిపోగా, కార్యాలయము చేరునప్పటికి పేరును సర్వే సంఖ్యయు నీలపు మరకగా మిగిలినవి. ఆనాడు మిగిల్చిన రూపాయలకంటె మరల తిరిగిన ఖర్చే ఎక్కువైనది. డై సిరా నీటికి కరగును, ఎండకు వెలియును. పిల్లల పాఠములకు, చిత్తుప్రతులకు, ప్రకటనలకు అది చాలును. భూమి పత్రముల నకళ్లు, దరఖాస్తులు, సంవత్సరముల తరబడి దాచుకొను కాగితములు మాత్రము లేజరు ప్రింటరుపై తీయించుకొనుట క్షేమము. అందలి పొడి వేడికి కరగి కాగితమున కంటుకొనును గనుక నీటికి చెదరదు. మీ సిరా సంగతి తెలియవలెనన్న, ముద్రించిన పుటను ఒక దినము ఆరనిచ్చి, ఒక నీటిబొట్టు వేసి చూడుడు.

సిరాను, సూదులను పిల్లలకు అందనిచోట నుంచవలెను. కంటిలో పడినచో వెంటనే మంచినీటితో బాగుగా కడిగి వైద్యునికి చూపవలెను. ఆయువు తీరిన కార్ట్రిడ్జిని పెంటకుప్పపై వేయరాదు, కాల్చరాదు. మన దేశమున 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమములు ప్రింటర్లతోపాటు వాని కార్ట్రిడ్జీలకును వర్తించును. వానిని ప్రోగుచేసి, అట్టి వ్యర్థములను సేకరించువారికి అప్పగింపవలెను.

ఒక సీసా సిరా, ఒక సిరంజి, అరగంట ఓపిక యున్నచో మూలపడిన యంత్రము మరల పిల్లల చదువునకు అక్కరకు వచ్చును. ఎండకముందే నింపుట, గాలికి దారి యుంచుట, తగిన సిరానే వాడుట అను మూడును మరువకున్న చాలును.