దృశ్యసూచిక

గ్రంథానికి విషయసూచిక ఎట్టిదో డీవీడీకి మెనూ అట్టిది. గోదావరి పుష్కరాలు పన్నెండేళ్లకొకసారి తిరిగి వస్తాయి. 2003లో రాజమహేంద్రవరం రేవులలో స్నానమాడిన పెద్దలందరూ తిరిగి రారు. వారి దృశ్యాలను టేపుల నుండి డీవీడీలోకి మార్చేవారు మెనూ సాఫ్ట్‌వేర్‌ను విచక్షణతో ఎంచుకోవాలి.

విండోస్ విస్టాతో 2007లో ఇళ్లకు చేరిన డీవీడీ మేకర్, 2012 నాటి విండోస్ 8లో లేదు. డీవీడీస్టైలర్ ఉచితంగా లభిస్తుంది. మన దేశపు టీవీలకు తగిన పాల్ పద్ధతి అందులో ఉంది. పాల్ చిత్రం 720 చుక్కల వెడల్పు, 576 చుక్కల ఎత్తు మాత్రమే. సన్నని తెలుగు అక్షరాల ఒత్తులు అందులో అలుక్కుపోతాయి. కనుక ‘పుష్కరస్నానం’, ‘పిండప్రదానం’ వంటి శీర్షికలు కొన్నే ఉండాలి, పెద్ద అక్షరాలలో ఉండాలి.

హంగులు ముఖ్యం కావు. రిమోట్ చేతపట్టిన మామ్మగారు ఒకరి సాయం లేకుండా తాతగారి దృశ్యాన్ని చేరగలిగితే ఆ మెనూ సార్థకం.