నిత్యసంకల్పము – దినమునకొక పాఠము

దినమునకొక క్రొత్త విషయమును తెలిసికొనవలెనను మాట నేడు బడులలోను, పత్రికలలోను తఱచుగా వినబడుచున్నది. దేశముల రాజధానులు, నదుల పొడవులు, పర్వతముల యెత్తులు పిల్లలకు నేర్పుచున్నారు. మంచిదే. అయినను ఆస్తికుల గృహములకు ఈ నియమము క్రొత్తది కాదు. దేవతార్చనకు ముందు గృహస్థుడు చెప్పు సంకల్పములో అది ఏనాడో యిమిడియున్నది. నిన్నటి సంకల్పము నేటికి చెల్లదు. తిథి మాఱినది, వారము మాఱినది, నక్షత్రము మాఱినది. ఆ మూడింటిని విచారించి తెలిసికొన్న పిమ్మటనే ఆచమనము చేసినవాడు ముందునకు సాగవలెను.

తిరుమలలో ఈ విచారణ స్వామి సన్నిధిలోనే జరుగుచున్నది. సుప్రభాతము, తోమాలసేవ ముగిసిన పిమ్మట కొలువు శ్రీనివాసమూర్తిని స్నపనమండపమున సింహాసనముపై వేంచేపు చేసి ఆస్థానము నడుపుదురు. ఆనాటి తిథి వార నక్షత్ర యోగ కరణములను చదివి వినిపింతురు. ముందునాటి హుండీ ఆదాయమును లెక్కతో సహా విన్నవింతురు. నువ్వులు, బెల్లము కలిపి దంచిన పిండిని నివేదింతురు. కాలస్వరూపుడగు భగవంతునకు నేడేమి తిథియో తెలియదా యని శంకింపరాదు. ఆ పఠనము వినువారి కొఱకు. స్వామి వినుచుండగా లోకము నేర్చుకొనుచున్నది.

సంకల్పవాక్యముల కూర్పును గమనించినచో పూర్వుల బోధనాక్రమము తెలియును. మొదట శ్వేతవరాహకల్పము, పిదప వైవస్వత మన్వంతరము, ఆ తరువాత కలియుగము, అందు ప్రథమపాదము. కలియుగపరిమాణము 4,32,000 సంవత్సరములు. క్రీస్తుపూర్వము 3102లో ఆరంభమైనదని జ్యోతిష సిద్ధాంతము. ఈ మాటలు చెప్పువాని జీవితకాలమున మాఱవు. ఒకమాఱు నేర్చిన చాలును. పిదప వచ్చు సంవత్సరనామము ఉగాదికి మాఱును. అయనము ఏడాదికి రెండు మాఱులు, ఋతువు ఆఱు మాఱులు, మాసము పండ్రెండు మాఱులు మాఱును. పక్షము నెలకు రెండు మాఱులు మాఱును. తుదకు వచ్చు తిథివారనక్షత్రములు మాత్రము దినదినమును మాఱును. పెద్దదాని నుండి చిన్నదానికి, నిలకడగల దాని నుండి చలించు దానికి దిగుచు వచ్చి, వాక్యము నేటి ఉదయమున నిలుచును.

ఇక్కడనే చిక్కు వచ్చినది. తిథి తెలియనివాడు శుభతిథి యనియు, నక్షత్రము తెలియనివాడు శుభనక్షత్రమనియు చెప్పి ముగించుట వాడుకయైనది. పంచాంగము చేత లేని ప్రయాణికునకు, రోగికి పెద్దలు చూపిన వెసులుబాటు అది. ఇంటిగోడకు పంచాంగము వ్రేలాడుచుండగా దానిని వాడుకొనుట సోమరితనము. ఇప్పుడు సెల్ ఫోనులో ఎవరో ఎప్పుడో చదివియుంచిన సంకల్పమును మ్రోగించి అక్షతలు వదలుచున్నారు. అందులోని తిథి ఏనాటిదో వినువారికి పట్టదు.

దేశమును చెప్పుటలోను ఇదే తీరు. సంప్రదాయమును బట్టి మాటలలో భేదములున్నను, ఆంధ్రదేశమున పెక్కు గృహములలో శ్రీశైలమును గుఱుతుగా నుంచుకొని తామున్న దిక్కును, ఏ నదుల నడుమ నున్నారో దానిని చెప్పుకొందురు. ఏలూరు శ్రీశైలమునకు తూర్పున, కృష్ణాగోదావరుల నడుమ నున్నది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములోని పెద్దకడుబూరు శ్రీశైలమునకు పడమట, కొంచెము దక్షిణమునకు ఒరిగి, తుంగభద్రకు దక్షిణమున నున్నది. అచటివారు కృష్ణాకావేరుల మధ్యదేశమని చెప్పవలెను. కోస్తాలో అచ్చయిన పూజాపుస్తకమును తెచ్చుకొని, ఉన్నదున్నట్లు చదివినచో పెద్దకడుబూరి గృహస్థుడు తన యింటిని గోదావరి ఒడ్డునకు తరలించిన వాడగును! ఒక పటమును నేలపై పఱచి పిల్లలచేత దిక్కులు చూపించిన చాలును, ఒక ఉదయపు పాఠము పూర్తియగును.

పంచాంగములోని అయిదు అంగములలో తిథియే మిక్కిలి రసవంతమైనది. సూర్యచంద్రుల నడుమ ఎడము 12 భాగలు పెరిగినచో ఒక తిథి గడచినట్లు. చంద్రుని గమనము ఒకే వేగమున సాగదు. అందువలన ఒక తిథి సుమారు 20 గంటలలో ముగియవచ్చును, మఱియొకటి 27 గంటలకు చేరువగా సాగవచ్చును. సూర్యోదయమునకు ఉన్న తిథియే సాధారణముగా ఆ దినపు తిథి. కనుక ఒక తిథి రెండు సూర్యోదయములను తాకుటయు, వేఱొకటి ఒక్కదానిని సైతము తాకక లోపించుటయు కలదు. తిథివృద్ధియని, తిథిక్షయమని పంచాంగమున కనబడు మాటలకు ఇదియే కారణము.

వైష్ణవ గృహములలో ఈ లెక్క ఉపవాసము దాక వచ్చును. సూర్యోదయమునకు ముందు నాలుగు ఘడియలు, అనగా 96 నిమిషములు, అరుణోదయకాలము. ఏకాదశినాడు ఆ వేళకు దశమి మిగిలియున్నచో ఆ ఏకాదశి విద్ధమని వైష్ణవులు విడిచి, మఱునాడు ఉపవసింతురు. స్మార్తులు సూర్యోదయమును బట్టి నిర్ణయింతురు. ఒకే వీథిలో ఇరుగుపొరుగువారు వేఱు వేఱు దినములలో ఉపవసించుట చూచి పిల్లలు ఎవరిది తప్పని అడుగుదురు. ఎవరిదియు తప్పు కాదు. కొలుచు వేళలో భేదము. అడిగిన పిల్లవానిని కసరక, పంచాంగము విప్పి దశమి ముగియు గడియారపు సమయమును చూపవలెను.

సూర్యోదయము ఊరికొక వేళకు జరుగును. ఒక రేఖాంశభాగకు నాలుగు నిమిషముల తేడా. విశాఖపట్టణమునకును పెద్దకడుబూరునకును సుమారు ఆఱు భాగల యెడము కలదు గనుక అచట సూర్యుడుదయించిన ఇంచుమించు ఒక ఘడియకు, అనగా 24 నిమిషములకు, ఇచట ఉదయించును. గడియారము మాత్రము రెండు ఊళ్లలోను ఒకటే. తిథి సరిగా ఆ ఘడియలో ముగిసినచో తూర్పుతీరపు పంచాంగము చెప్పిన తిథి పడమటి గ్రామమునకు సరిపడదు. పంచాంగము మొదటి పుటలలో అది ఏ ఊరి సూర్యోదయమునకు గణింపబడినదో వ్రాసియుందురు. కొనువారిలో ఆ పుటను చదువువారు తక్కువ.

వారముల వరుసలోను ఒక గణితమున్నది. దినమునకు 24 హోరలు. శని, గురు, కుజ, రవి, శుక్ర, బుధ, చంద్రులు అను వరుసలో గ్రహములు హోరలకు అధిపతులు. ఆదివారము మొదటి హోర రవిది. ఆ క్రమమున లెక్కించుచు పోయినచో 25వ హోర చంద్రునిది. అదియే మఱునాటి మొదటి హోర, కనుక సోమవారము. పదేండ్ల పిల్లవాడు వ్రేళ్లపై లెక్కించి తేల్చగలడు.

నక్షత్రమును నేర్చుటకు పుస్తకము కంటె మిద్దె మేలు. ఆదోని ప్రాంతపు పల్లెలలో వేసవి రాత్రులు మిద్దెపై పండుకొను అలవాటు చాలకాలమున్నది. చంద్రుడు దినమునకు సుమారు 13 భాగలు తూర్పునకు జరుగుచు, ఇంచుమించు దినమునకొక నక్షత్రమును దాటును. పున్నమినాడు చిత్తకు చేరువగా నున్నచో చైత్రము, విశాఖకు చేరువగా నున్నచో వైశాఖము. స్వామి జన్మనక్షత్రమగు శ్రవణము పేరిటనే శ్రావణము వచ్చినది. సూర్యుడు అవే నక్షత్రములను ఒక్కొక్క దానిని 13, 14 దినములలో దాటును. అవి రైతుల కార్తెలు. మృగశిర జూన్ 8 ప్రాంతమున, ఆరుద్ర 22 ప్రాంతమున ప్రవేశించునని నల్లరేగడి దున్నువాడు పంచాంగము చూడకయే చెప్పును. అతడు చదువుకొనలేదని చులకన చేయువారికి కార్తెల పేర్లు వరుసగా రావు.

యోగము సూర్యచంద్రుల స్థానముల మొత్తమును బట్టి యేర్పడును; విష్కంభము మొదలు వైధృతి వఱకు అవి 27. కరణము తిథిలో సగము, అవి 11. ప్రస్తుతమునకు ఇంతవఱకు చాలును.

మంత్రాలయమునకు సమీపమున నున్న గ్రామములవారికి మాసపాఠము ఏటేట ఎదురగుచుండును. శ్రీ రాఘవేంద్రస్వామివారు 1671లో శ్రావణ బహుళ విదియనాడు బృందావన ప్రవేశము చేసిరి. ఆ తిథినాడు మధ్యారాధన. అది 2023లో సెప్టెంబరు 1న, 2024లో ఆగస్టు 21న, 2025లో ఆగస్టు 11న వచ్చినది. ఏటికి పది పదునొకండు దినములు వెనుకకు జరుగుచున్నది. చాంద్రసంవత్సరమునకు 354 దినములు, సౌరమునకు 365 దినములు. ఆ తేడాయే ఇది. ఇట్లే జరుగుచు పోయినచో శ్రావణము మండువేసవిలో పడవలసివచ్చును. అట్లు కాకుండ 32, 33 నెలల కొకమాఱు సంక్రాంతి లేని చాంద్రమాసమును అధికమని లెక్కించి సరిచేయుదురు. 2026లో అధికజ్యేష్ఠము చేరుటచే ఆరాధన మరల ఆగస్టు నెలాఖరునకు వచ్చును.

తిరుమలలో 2020లోను, 2023లోను బ్రహ్మోత్సవములు రెండు మాఱులు జరిగినవి. సాలకట్ల బ్రహ్మోత్సవములు ఒకటి, నవరాత్రి బ్రహ్మోత్సవములు మఱియొకటి. 2020లో అధికాశ్వయుజము, 2023లో అధికశ్రావణము వచ్చుటయే కారణము. రెండు ఉత్సవములను సేవించివచ్చిన యాత్రికులు వేలకొలది. ఎందుకు రెండని అడిగి తెలిసికొని వచ్చినవారికి యాత్రాఫలముతో పాటు ఒక విద్యయు దక్కినది.

గృహములలో దీనిని ఆచరణలో పెట్టుట కష్టము కాదు. ఉదయమున దీపము వెలిగించిన పిదప ఇంటిలో చిన్నవారెవరో ఒకరు పంచాంగము చదువవలెను, మిగిలినవారు వినవలెను. చదివినదానిలో ఒక్క మాటకు అర్థము అడుగవలెను. పెద్దలకు తెలిసినచో చెప్పుదురు, తెలియనిచో సాయంకాలము దేవాలయమున అర్చకస్వామిని అడిగి వత్తురు. ఆడపిల్లలు చదువరాదను నియమమేదియు లేదు. ముగ్గు వేయు చేతికి తిథి ముందుగా తెలియుట సహజము.

విదేశములకు వెళ్లిన కుటుంబములలో ఈ పాఠము మఱింత అవసరమగుచున్నది. అమెరికాలోని కొన్ని దేవాలయములలో జంబూద్వీపమునకు బదులు క్రౌంచద్వీపమని చెప్పుచున్నారు. తిథి ముగియు క్షణము లోకమంతటికి ఒక్కటే; సూర్యోదయములు వేఱు. పెద్దకడుబూరులో మంగళవారము తెల్లవాఱునప్పటికి అమెరికా తూర్పుతీరమున ఇంకను సోమవారము రాత్రియే. ఈ కారణమున తాతగారు మంగళవారము చేసిన ఏకాదశిని అచటి మనుమరాలు సోమవారమే ముగించియుండవచ్చును. "తాతయ్యా, మా పంచాంగము తప్పా, మీది తప్పా?" అని ఆ పిల్ల ఫోనులో అడిగినప్పుడు ఆయన కాగితముపై రెండు సూర్యోదయములను వ్రాసికొని లెక్కకు కూర్చుండవలసి వచ్చును.