పెద్దకర్మ నాటి సంతకం

చెల్లీ, కాసేపు నా పక్కన కూర్చో. కిందటి నెల మా పెదనాన్నగారి పెద్దకర్మకు వెళ్లొచ్చాను. అప్పట్నుంచీ మనసులో ఒకటే రొద. నీతో చెప్పుకుంటే తప్ప తీరేట్టు లేదు.

భోజనాలయ్యాయి, విస్తళ్లు తీసేశారు, చుట్టాలు ఒక్కొక్కరే వెళ్లొస్తామని చెప్పి బయల్దేరుతున్నారు. పెదనాన్న పెద్దకూతురు, మా పెద్దక్క వసారాలో ఓ మూల కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. అంతలో దస్తావేజులు రాసే ఆయన కాగితాలు పట్టుకొచ్చాడు. "హక్కు విడుదల దస్తావేజమ్మా. రేపు రిజిస్ట్రారాఫీసుకు ఒక్కసారి వచ్చి సంతకం పెట్టి వెళ్తే చాలు" అన్నాడు. అంటే, తండ్రి ఆస్తిలో తన వాటాను తమ్ముడికి వదిలేస్తున్నట్టు అక్క రాసిచ్చే కాగితం. అక్క ఆ కాగితం వైపు చూడనైనా చూడలేదు, తలూపింది.

రాత్రి పడుకున్నాక అడిగాను, "అందులో ఏముందో చదివావా అక్కా?" అని. "నాకెలాగూ రాదటగా. నా పెళ్లి ముందే అయిపోయింది" అంది. కాసేపాగి, "అయినా సంక్రాంతికి రమ్మని పిలిచే గడప ఒకటి ఉండాలి కదే" అంది. ఆ రెండో మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. మొదటి మాటకు మాత్రం ఉంది.

అక్క పెళ్లి 1984లో అయింది, చిన్నక్కది 1988లో. ఈ రెండు పెళ్లిళ్ల మధ్య మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో పెద్ద మార్పే జరిగింది. ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. అది 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చినట్టు లెక్క. కొడుకులాగే కూతురినీ ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే వాటాదారును చేస్తూ చట్టాన్ని సవరించిన మొదటి రాష్ట్రం మనదే. తమిళనాడు 1989లో, మహారాష్ట్ర, కర్ణాటక 1994లో ఆ దారి పట్టాయి. నాకు ఎంతో గర్వంగా ఉంటుంది ఈ మాట చెప్పాలంటే. కానీ ఆ చట్టంలో ఒక ముల్లుంది. ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన ఆడపిల్లకు అది వర్తించదు. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో చెల్లెలికి వాటా, అక్కకు లేదు! అది విన్న రోజు మా అక్క మనసులో పడిన ముద్ర ఇప్పటికీ చెరగలేదు.

కేంద్రం 2005లో చట్టాన్ని సవరించి ఆ ముల్లు తీసేసిందని అక్కకు ఎవరూ చెప్పలేదు. ఆ ఏడాది సెప్టెంబర్ 9 నుంచి పెళ్లయిందా, ఎప్పుడయింది అన్న ప్రశ్నే లేదు. కూతురంటే కూతురే, కొడుకుతో సమానం. 2005 నాటికే తండ్రి చనిపోయి ఉంటే ఎలా అన్న తగువు ఇంకో పదిహేనేళ్లు నడిచింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్నీ తేల్చేసింది. హక్కు పుట్టుకతో వచ్చేది కాబట్టి ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదంది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో పంపకాలు జరిగిపోయి ఉంటే మాత్రం వాటిని తిరగదోడటం కుదరదు. "ఎప్పుడో నోటిమాటగా పంచేసుకున్నాం" అని ఎవరైనా అంటే, ఆ మాట ఒక్కటే కోర్టులో నిలవదు.

ఇదంతా తాతల నుంచి వచ్చిన ఆస్తి సంగతి. నాన్న స్వార్జితం వేరు. ఆయన వీలునామా రాసి ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. రాయకుండా కన్నుమూస్తే అమ్మకు, కొడుకులకు, కూతుళ్లకు సమానంగా వస్తుంది. అది 1956 నుంచీ ఉన్నదే. ఆ చట్టం కూడా ఊరికే రాలేదు. ఆడపిల్లకు ఆస్తి ఇచ్చే హిందూ కోడ్ బిల్లును పక్కన పెట్టేశారన్న బాధ కూడా, 1951లో అంబేద్కర్ గారు కేంద్రమంత్రి పదవిని వదులుకోవడానికి ఒక కారణం. నాకు మనసులో కలుక్కుమనేది ఇంకొకటుంది. గిరిజన చెల్లెళ్లకు ఈ చట్టం దానంతటదే వర్తించదు. కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తేనే వర్తిస్తుంది. ఇన్నేళ్లయినా వాళ్లను ఇలా గుమ్మం బయటే నిలబెట్టడం అన్యాయం.

"కట్నం ఇచ్చాంగా, ఇంకా వాటా ఏమిటి?" అంటారు. కట్నం పుచ్చుకోవడం 1961 నుంచి నేరం. నేరంగా చేతులు మారిన డబ్బు ఆడపిల్ల వాటా ఎలా అవుతుంది? పైగా అది వెళ్లింది అత్తింటి చేతికి. పసుపు కుంకుమల కింద ఎకరం ఇచ్చామనే ఇళ్లలోనూ అడిగి చూడు, పాస్ పుస్తకం ఎవరి పేరున ఉందో. నేను చూసినంతలో అది అన్నదమ్ముల పేరునే ఉంటుంది.

మా తమ్ముడు చెడ్డవాడు కాదమ్మా. పెదనాన్నను చివరిదాకా చూసుకున్నాడు. ఆ కష్టానికి విలువ కట్టాల్సిందే. వాటాతో పాటు బాధ్యతా మనదే. అమ్మానాన్నలను చూసుకోవాల్సినవాళ్లలో కూతుళ్లూ ఉన్నారని 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం చెబుతోంది. అన్నీ తెలిసి, కూర్చుని మాట్లాడుకుని, అక్క తన వాటాలో కొంత తమ్ముడికి వదిలిందనుకో, సంతోషంగా దీవిస్తాను. తెలియకుండా పెట్టే సంతకానికే నేను ఒప్పుకోను. అది కూడా, కన్నీళ్లు ఆరకముందే!

మర్నాడు అక్క రిజిస్ట్రారాఫీసుకు వెళ్లలేదు. "నెల రోజులు ఆగరా" అంది. తమ్ముడు ఇంకా ముభావంగానే ఉన్నాడు. సంక్రాంతికి పిలుస్తాడో లేదో నాకు తెలియదు. పిలవాలని మొక్కుకుంటున్నాను.

నీకూ అలాంటి కాగితం వస్తే ఒక్క నకలు అడిగి ఇంటికి తెచ్చుకో చెల్లీ. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లకు అక్కడ వకీలు సాయం ఉచితం. ఫోన్‌లో అయితే 15100. మీ నాన్నగారు బతికే ఉన్నారా? అయితే ఈ ఆదివారమే వెళ్లి పక్కన కూర్చుని అడుగు, "నాన్నా, ఏం రాసిపెట్టావు?" అని.