పదుమూడేండ్ల నిరీక్షణ

ఐర్లండు ద్వీపమున వాయవ్యదిశను, ఫాయిల్ నదీతీరమున డెరీ యను ప్రాచీన నగరము కలదు. ఐరిష్ భాషలో ఆ పేరునకు ఓకు చెట్ల తోపు అని యర్థము. పదునేడవ శతాబ్దిలో కట్టిన కోటగోడలు నేటికిని ఆ నగరమున నిలిచియున్నవి. 1921వ సంవత్సరమున ఐర్లండు రెండుగా విభజింపబడెను. ఉత్తరభాగము బ్రిటనుతోనే యుండెను. దక్షిణభాగము వేరు రాజ్యమయ్యెను. డెరీ ఉత్తరభాగమునకు చెందినది. కాని సరిహద్దు అచటికి కొలది మైళ్ళ దూరమే. ఫుట్‌బాల్ ఆటకును ఆనాటినుండి రెండు పాలకసంఘము లేర్పడెను. ఒకటి బెల్‌ఫాస్టున, రెండవది డబ్లినున. ఈ సంగతి మనసునం దుంచుకొనినగాని ముందు చెప్పబోవు కథ బోధపడదు.

1928వ సంవత్సరమున ఆ యూరివారు డెరీ సిటీ అను ఫుట్‌బాల్ క్లబ్బును స్థాపించిరి. అంతకుమున్ను అచట డెరీ సెల్టిక్ అను జట్టుండెడిది. సెల్టిక్ అనగానే ఇది కాథలిక్కుల జట్టని ఇతరులు దూరము కాగలరు. అందుచే స్థాపకులు కావలెననియే ఆ పేరు విడిచిరి. ఊరివారందరికిని ఒక్క జట్టుండవలెనని వారి కోరిక. ఎరుపు తెలుపు చారల చొక్కాలు ధరించుటచే ఆటగాండ్రకు చారల మిఠాయిలని ముద్దుపేరు వచ్చెను! వారి మైదానము బ్రాండీవెల్. అది క్లబ్బు సొత్తు కాదు, నగరపాలక సంఘమునది. దాని చుట్టును కుక్కల పందెముల బాట యుండెడిది. దాని సమీపమున కార్మికుల యిండ్లు. 1965లో డెరీ జట్టు ఐరిష్ లీగు విజేత యయ్యెను.

తరువాతి కాలము దుర్దినములు. 1969 నుండి ఉత్తర ఐర్లండున అల్లర్లు చెలరేగెను. బ్రాండీవెల్ ప్రాంతము అల్లర్ల నడిబొడ్డున నుండెను. 1971 సెప్టెంబరులో బాలిమీనా జట్టు ఆడుటకు వచ్చినప్పుడు, వారి బస్సును యువకులు కొందరు లాగుకొనిపోయి తగులబెట్టిరి. ఆపై ఇతర జట్లు డెరీకి రాజాలమనెను. వారి భయమును తప్పుపట్టలేము. కాని డెరీ జట్టు తన సొంత పోటీలకే 30 మైళ్ళ దూరమునగల కోల్‌రేన్ పట్టణమునకు పోవలసివచ్చెను. అంతదూరము పోవు ప్రేక్షకులు కొందరే. ప్రేక్షకులు లేనిచో టిక్కెట్ల సొమ్మెక్కడిది? 1972లో రక్షణాధికారులు బ్రాండీవెల్‌లో ఆడుటకు సమ్మతించిరి. అయినను లీగులోని క్లబ్బులు దీనిపై ఓట్లు వేయగా ఒక్క ఓటుతో డెరీ కోరిక వీగిపోయెను. ఆ అక్టోబరులో డెరీ సిటీ లీగునుండి వైదొలగెను.

ఒక్క ఓటు! దానికి ఫలము పదుమూడేండ్ల వనవాసము. పెద్ద లీగు లేని క్లబ్బునకు ఆటగాండ్రు నిలుతురా? చాలమంది వెళ్ళిపోయిరి. క్లబ్బు మాత్రము మూతపడలేదు. స్థానికపు చిన్న పోటీలలో ఆడుచు పేరు నిలుపుకొనెను. మరల చేర్చుకొమ్మని ఐరిష్ లీగునకు పెక్కుమారులు అర్జీ పంపెను. బ్రాండీవెల్‌ను విడువననుటచే ప్రతిసారియు తిరస్కారమే లభించెను. మరియొక మైదానము నొప్పుకొనినచో పని సులువయ్యెడిదేమో! కాని ఊరి జట్టు ఊరిలో ఆడక మరెక్కడ ఆడునని వారి పట్టుదల.

ఉత్తరపు తలుపు తెరువకపోవుటచే వారు దక్షిణము వైపు చూచిరి. సరిహద్దు కావల డబ్లిను వారి లీగు కలదు. ఒక సంఘపు పరిధిలోని జట్టు మరియొక సంఘపు లీగులో ఆడుటకు ఇరువైపుల వారును అంగీకరింపవలెను. అంతర్జాతీయ సమాఖ్య అనుమతియు కావలెను. అవన్నియు సమకూరి 1985లో డెరీ సిటీ దక్షిణ లీగు రెండవ శ్రేణిలో చేరెను. బ్రాండీవెల్ మరల నిండెను. పోలీసులు వచ్చినచో కలహము రేగునను జంకుచే, వారు లేకయే ఆడుటకు ప్రత్యేకానుమతి పొందిరి. క్లబ్బు స్వచ్ఛంద సేవకులే జనమును అదుపున నుంచిరి. బయటి ఊళ్ళలో పోటీ యున్ననాడు వేలమంది అభిమానులు సరిహద్దు దాటి పోవుచుండిరి.

1987లో జట్టు పై శ్రేణికి ఎక్కెను. 1989లో, డెరీ వాడే యైన జిమ్ మెక్‌లాఫ్లిన్ శిక్షకత్వమున, లీగును, కప్పును, లీగు కప్పును ఒకే ఋతువున గెలిచెను. అందుచే యూరపు విజేతల పోటీలో స్థానము లభించెను. 30 మైళ్ళ దూరపు జట్లు రాజాలమన్న ఆ మైదానమునకు, ఆ యేటి శరత్కాలమున పోర్చుగల్ దేశపు సుప్రసిద్ధమైన బెన్ఫికా జట్టు లిస్బన్ నుండి వచ్చి ఆడెను. డెరీ 1-2 తేడాతో ఓడెను.