అనేక ఛాయాచిత్రాలకు ఒకేసారి శీర్షిక, వివరణ వ్రాయడం

పాత ఆల్బమ్‌లోని ఛాయాచిత్రాన్ని తిప్పి చూస్తే, వెనుక పెన్సిల్‌తో ఊరు, సంవత్సరం, పేర్లు వ్రాసి ఉండేవి. డిజిటల్ చిత్రానికి వెనుక వైపు లేదు. అయితే దానికి సమానమైన స్థలం ఫైలు లోపలనే కలదు. దానిని మెటాడేటా అంటారు. అందులో శీర్షికకు ఒక గడి, వివరణకు ఒక గడి ఉంటాయి. తరతరాలుగా షోలాపూర్‌లో స్థిరపడిన తెలుగు నేత కుటుంబాలలో, పాత చిత్రాలలోని బంధువులను గుర్తుపట్టగల పెద్దలు నానాటికీ తగ్గిపోతున్నారు. వారు మన మధ్య ఉండగానే ఆ గడులను నింపుకోవాలి.

ప్రతి చిత్రానికీ అన్నీ విడిగా వ్రాయనవసరం లేదు. ఒకే పెండ్లికి సంబంధించిన ఎనభై చిత్రాలకు ఊరు, సంవత్సరం, సందర్భం ఒకటే కదా. ముందుగా ఫోల్డరుకు నకలు తీసి ఉంచండి. సామూహికంగా వ్రాసినది, అంతకుముందు విడివిడిగా వ్రాసిన దానిని చెరిపివేయగలదు. విండోస్ కంప్యూటరులో చిత్రాలన్నిటినీ ఎంపిక చేసి, మౌసు కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లోని డీటెయిల్స్ భాగంలో టైటిల్ ఎదుట వ్రాస్తే, జేపెగ్ చిత్రాలన్నిటికీ అదే శీర్షిక చేరుతుంది. పని పెద్దదైతే డిజీక్యామ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు మేలు. అందులో కుడి అంచున ఉండే క్యాప్షన్స్ భాగంలో శీర్షికనూ వివరణనూ వేర్వేరుగా వ్రాయవచ్చు. అవి ఫైలులోనే నమోదయ్యేటట్లు సెట్టింగ్స్‌లోని మెటాడేటా విభాగంలో సరిచూసుకోండి. లేనిచో ఆ సాఫ్ట్‌వేరు వద్దనే నిలిచిపోతాయి.

ఇక వ్యక్తుల వంతు. ఇక్కడ మన భాషలోనే ఒక చిక్కు ఉన్నది. ‘మామయ్య’ అంటే మేనమామ కావచ్చు, మేనత్త భర్త కావచ్చు, పిల్లనిచ్చిన మామ కావచ్చు. నేడు వ్రాసేవారికి తాత అయిన వ్యక్తి, వారి మనుమలకు ముత్తాత తండ్రి. కనుక ‘మగ్గం వద్ద తాతయ్య’ అన్నంత మాత్రాన చాలదు. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, స్వగ్రామం, ఎడమ నుండి ఎవరి పక్కన ఎవరు అన్నది వ్రాయాలి. మరాఠీ మాధ్యమంలో చదివే పిల్లలున్న ఇంట, పేర్లను దేవనాగరిలో కూడా వ్రాయడం మంచిది. తెలుగును విడిచిపెట్టమని దీని అర్థం కాదు. చదవలేని పేరు లేని పేరుతో సమానమే.

ఈ వివరాలన్నీ వివరణ గడికి చెందినవి. శీర్షిక క్లుప్తంగా ఉండాలి, దానికి కారణం ఉన్నది. ఐపీటీసీ అనే పాత ప్రమాణంలో శీర్షికకు 64 బైట్లే చోటు. యూనికోడ్‌లో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, వత్తు కోసం వాడే పొల్లు, అన్నీ ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటాయి. ‘శ్రీ’ అన్న ఒక్క అక్షరానికే 12 బైట్లు! ఎక్స్‌ఎంపీ అనే తరువాతి పద్ధతిలో ఈ పరిమితి లేదు గాని, పాత సాఫ్ట్‌వేర్లలో దీర్ఘ శీర్షిక మధ్యలోనే తెగిపోవచ్చు.

వాట్సాప్‌లో మామూలు చిత్రంగా పంపితే ఈ వ్రాత తొలగిపోతుంది. డాక్యుమెంటుగా పంపితే నిలుస్తుంది. అట్లా నిలిచిన వ్రాత చిత్రం వెంట ఎంత దూరమైనా పోతుంది గనుక, పిల్లల బడి పేరు, ఇంటి చిరునామా అందులో చేర్చకండి. స్కాన్ చేసిన పాత చిత్రాలకు కంప్యూటరు సాధారణంగా స్కాన్ చేసిన నాటి తేదీనే చూపుతుంది. అసలు సంవత్సరాన్ని వివరణలో వ్రాయండి. కచ్చితంగా తెలియనిచో ‘1970 ప్రాంతం’ అని వ్రాసినా చాలు.